"గెట్" అనే ఒక్క ముక్కని ఎలా పట్టుకోవాలి (లిస్టులు బట్టీ పట్టకుండా)

ఇంగ్లీష్‌లో కష్టమైన పదాలేంటి అనడిగితే అందరూ నోరు తిరగని పొడుగాటి పదాలు చెప్తారు గానీ నన్నడిగితే మనల్ని అసలు ఏడిపించేవి మూడక్షరాలవే. సెట్, రన్, పుట్, గెట్. పెద్ద పదానికి ఒకటో రెండో అర్థాలుంటాయి, డిక్షనరీ తీసి చూస్కుంటే అయిపోయింది. ఈ చిన్నవాటి కోసం డిక్షనరీ తీస్తే పేజీలకి పేజీలు. 1989లో 20 వాల్యూములుగా వచ్చిన ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లీష్ డిక్షనరీ రెండో ఎడిషన్‌లో అన్నిటికన్నా పొడుగైన ఎంట్రీ "సెట్"దే, క్రియగా ఒక్కదానికే 430 అర్థాలు. తర్వాత ఆ డిక్షనరీని తిరగరాస్తుంటే "రన్" దాన్ని కూడా దాటేసి 645కి పోయింది. ఇవన్నీ ఎవడు గుర్తుపెట్టుకుంటాడు చెప్పండి. అందుకే ఇక్కడ గెట్ ఒక్కదాన్నే తీసుకుంటున్నా, ఎందుకంటే రోజువారీ మాటల్లో మనకి తగిలేది, మనం తప్పులు చేసేది ఎక్కువ దీంతోనే.

నా సంగతే చెప్తా. ఉద్యోగంలో కొత్తగా చేరిన రోజుల్లో ఒక సీనియర్ రెండు చేతుల్లో రెండు పెద్ద డబ్బాలు పట్టుకుని వస్తూ నాతో "కెన్ యూ గెట్ ద డోర్?" అన్నారు. స్కూల్లో నేర్చుకున్న గెట్ అంటే పొందడం, తేవడం. తలుపు తెమ్మంటాడేంటి ఈయన అనుకుంటూ అలాగే నిలబడిపోయా, ఆయన నా మొహం చూసి ఇంకేం లాభం లేదనుకుని మోచేత్తో తోసుకుని వెళ్లిపోయారు. తలుపు తియ్యవా అని అడిగాడని నాకు వెలిగేసరికి ఆయన కారిడార్ చివర్లో ఉన్నారు.

స్టెప్ 1. గెట్ వైపు చూడకండి, దాని పక్కన ఏముందో చూడండి

ఇదొక్కటి అలవాటైతే సగం పని అయిపోయినట్టే. గెట్‌కి సొంతంగా పెద్ద అర్థమేం లేదు, పక్కన ఎవరు కూర్చుంటే వాళ్ల రంగు పులుముకుంటుంది. పక్కన వస్తువుందా, గుణముందా, చోటుందా, వర్బ్ థర్డ్ ఫారం ఉందా, మనిషి ఉన్నాడా, ఇంతే చూడాలి. వాక్యం వినగానే "గెట్ అంటే ఏంటబ్బా" అని కాకుండా "గెట్ తర్వాత ఏం వచ్చింది" అని మిమ్మల్ని మీరే అడగండి. మిగతా స్టెప్పులన్నీ దీని మీదే నడుస్తాయి.

స్టెప్ 2. పక్కన వస్తువుంటే: చేతికి చిక్కింది

ఈ పదం ఇంగ్లీష్‌ది కూడా కాదు, వైకింగులు మాట్లాడిన పాత నార్స్ భాషలో "గెటా" నుంచి వచ్చింది, అర్థం చేజిక్కించుకోవడం. "ఫర్‌గెట్"లో ఉన్న గెట్ కూడా ఆ కుటుంబందే, పట్టుకున్నది పట్టు జారిపోతే మర్చిపోవడం అన్నమాట. నాకు ఇది తెలిశాక చాలా వాక్యాలు వాటంతటవే విడిపోయాయి.

"ఐ గాట్ ఎ లెటర్" అంటే ఉత్తరం వచ్చింది. "గెట్ మీ ఎ చెయిర్" అంటే కుర్చీ తెచ్చిపెట్టు. "వేర్ డిడ్ యూ గెట్ దట్ షర్ట్?" అంటే ఎక్కడ కొన్నావ్. "ఐ గాట్ ఎ కోల్డ్" అంటే జలుబు పట్టుకుంది. తెలుగులో నాలుగు వేరే వేరే క్రియలు, అక్కడ మాత్రం ఒకటే, ఎందుకంటే నాలుగింట్లోనూ ఏదో ఒకటి మన చేతికో ఒంటికో వచ్చి చేరింది.

ఫోన్ మోగుతుంటే "ఐల్ గెట్ ఇట్" అంటే నేనెత్తుతా అని. బెల్ కొట్టినప్పుడు అదే మాటంటే నేను తీస్తా అని. నలుగురూ తిన్నాక బిల్లు వచ్చినప్పుడు "ఐల్ గెట్ దిస్" అంటే నేను కడతా అని, ఈ మాట మీరు నోరు జారి అన్నారంటే తర్వాత పర్స్ తియ్యక తప్పదు, జాగ్రత్త. అలాగే "ఐ డోంట్ గెట్ ఇట్" అంటే అర్థం కాలేదు. ఇది వింతగా అనిపిస్తే మన "అంతు చిక్కలేదు" గుర్తు చేస్కోండి, మనం కూడా అర్థం కావడాన్ని చిక్కడం అనే కదా అంటున్నాం.

స్టెప్ 3. పక్కన గుణం ఉంటే: అలా అయిపోవడం

"గెట్ యాంగ్రీ", "గెట్ టయర్డ్", "గెట్ కోల్డ్", "గెట్ డార్క్". ఇక్కడ గెట్ అంటే "బికమ్", కాకపోతే మాటల్లో ఎవరూ అంత పద్ధతిగా బికమ్ అనరు. మనకి ఇది తేలికే, కోపం వచ్చింది, చీకటి పడింది, ముసలాడయ్యాడు, అన్నిటికీ గెట్ సరిపోద్ది.

కానీ మనం బోల్తా పడేది కూడా ఇక్కడే. తెలుగులో మనకి నిద్ర "వస్తుంది", కోపం "వస్తుంది", డౌట్ "వస్తుంది". వచ్చేవన్నీ మన బుర్రలో వస్తువుల్లాగే ఉంటాయి కాబట్టి స్టెప్ 2 పద్ధతిలో "ఐ యామ్ గెట్టింగ్ స్లీప్" అనేస్తాం. అక్కడ పక్కన గుణం ఉండాలి, "గెట్టింగ్ స్లీపీ". అలాగే "గెట్టింగ్ బోర్" కాదు "గెట్టింగ్ బోర్డ్", "గెట్టింగ్ టెన్షన్" కాదు "గెట్టింగ్ టెన్స్", "గెట్టింగ్ యాంగర్" అసలే కాదు. ఒక చిన్న టెస్ట్ చెప్తా, ఆ పదాన్ని "ఐ యామ్" పక్కన నేరుగా పెట్టి చూడండి. "ఐ యామ్ స్లీపీ" కుదురుతుంది, "ఐ యామ్ స్లీప్" కుదరదు, కాబట్టి గెట్ పక్కన కూడా స్లీపీయే. నూటికి తొంభై సార్లు ఈ టెస్ట్ పని చేస్తుంది. ఇక డౌట్ సంగతైతే గెట్ జోలికే పోకండి, మీటింగులో చెయ్యెత్తి "ఐ గాట్ ఎ డౌట్" అంటే మన దేశం బయటివాళ్లకి మీరు వాళ్ల మాట నమ్మట్లేదన్నట్టు వినిపిస్తుంది, "ఐ హ్యావ్ ఎ క్వశ్చన్" అనండి చాలు.

ఇంకో గుంట. గెట్ పక్కన గుణం పెడితే "అవ్వడం" అవుతుంది గానీ మనిషిని, ఉద్యోగాన్ని పెడితే అవ్వదు. వాడు డాక్టర్ అయ్యాడు అని చెప్పడానికి "హీ గాట్ ఎ డాక్టర్" అన్నారనుకోండి, డాక్టర్ని పిలుచుకొచ్చాడని అర్థం. అక్కడ "బికేమ్ ఎ డాక్టర్" తప్పదు. పాడవడం, పిచ్చెక్కడం, చూపు పోవడం లాంటి చెడిపోయే వాటికి "గో" వాడతారు, గో బ్యాడ్, గో మ్యాడ్, గో బ్లైండ్. ఎందుకలా అంటే లాజిక్ అడక్కండి, అలవాటంతే.

స్టెప్ 4. పక్కన థర్డ్ ఫారం ఉంటే: మన "పోయాడు", "పోయింది"

ఇది నాకు ఎవరూ చెప్పలేదు, చాలా ఏళ్లు తప్పులు చేశాక నాకే తట్టింది. "గాట్ కాట్" దొరికిపోయాడు. "గాట్ లాస్ట్" తప్పిపోయాడు. "గాట్ స్టక్" ఇరుక్కుపోయాడు. "గాట్ బ్రోకెన్" విరిగిపోయింది. చూశారా, తెలుగులో క్రియ చివర "పోవు" తగిలించి మనం తెచ్చే ఆ భావాన్ని, అనుకోకుండా జరిగిపోయింది, చెయ్యి దాటిపోయింది అనేదాన్ని, వాళ్లు ముందు గెట్ పెట్టి తెస్తారు. అన్ని చోట్లా కుదరదు గానీ ఎక్కువ చోట్ల కుదురుతుంది.

మరి "వాజ్"కి దీనికి తేడా ఏంటి అంటారా. "ద విండో వాజ్ బ్రోకెన్" అంటే కిటికీ అప్పటికే పగిలి ఉందని కావచ్చు, లేదా ఎవరో పగలగొట్టారని కావచ్చు. "ద విండో గాట్ బ్రోకెన్" అంటే మాత్రం పగిలిపోవడం అనే సంఘటన జరిగిందని ఒకటే అర్థం. అందుకే ఏదో జరిగింది అని చెప్పేటప్పుడే గెట్, ఊరికే తెలియడం, ఇష్టపడటం లాంటి స్థితులకి వాడకూడదు. "ద ఆన్సర్ గాట్ నోన్" అని ఎవరూ అనరు.

పెళ్లి గురించి ఒక మాట చెప్పి ముందుకెళ్దాం, "గాట్ మ్యారీడ్ విత్" కాదు, "గాట్ మ్యారీడ్ టు". మనకి "అతనితో పెళ్లయింది" కాబట్టి విత్ దానంతటదే వచ్చేస్తుంది, నాకూ ఇప్పటికీ ఒక్కోసారి వచ్చేస్తుంది.

స్టెప్ 5. మధ్యలో వస్తువు, చివర థర్డ్ ఫారం: మన "ఇంచు"

అన్నిట్లోకీ ఇదే ముఖ్యం, కాస్త ఆగి చదవండి. మనం "జుట్టు కత్తిరించుకున్నా" అంటాం, కత్తిరించింది వేరేవాళ్లయినా సరే. "ల్యాప్‌టాప్ బాగు చేసుకున్నా" అంటాం, చేసింది మెకానిక్ అయినా సరే. తెలుగులో వినేవాళ్లకి అర్థమైపోతుంది. అదే నోటితో ఇంగ్లీష్‌లోకి దిగి "ఐ కట్ మై హెయిర్" అంటే మీరే అద్దం ముందు కత్తెర పట్టుకుని నిలబడ్డారని అర్థం. నేనోసారి ఆఫీసులో "ఐ రిపేర్డ్ మై ల్యాప్‌టాప్" అని గొప్పగా చెప్పా, మర్నాడు ఇద్దరు వాళ్ల ల్యాప్‌టాప్‌లు పట్టుకుని నా సీటు దగ్గరికొచ్చారు. ఒకరైతే స్క్రూడ్రైవర్ కూడా తెచ్చారు.

అనాల్సింది "ఐ గాట్ మై ల్యాప్‌టాప్ రిపేర్డ్". వరస చూడండి: గెట్, తర్వాత వస్తువు, చివర థర్డ్ ఫారం. "గాట్ మై హెయిర్ కట్", "గాట్ ద డాక్యుమెంట్ సైన్డ్", "గాట్ ద వాల్ పెయింటెడ్". వస్తువు మధ్యలో రాకపోతే మొత్తం తారుమారవుతుంది. తెలుగులో రాయించా, కట్టించా, వేయించా అని ఎక్కడైతే "ఇంచు" పెట్టి వేరేవాళ్లతో చేయించామని చెప్తామో అక్కడ ఈ వరస దింపేయొచ్చు.

ఎవరితో చేయించామో కూడా చెప్పాలంటే ఇంకో వరస: గెట్, మనిషి, టు, వర్బ్. "ఐ గాట్ హిమ్ టు సైన్". ఇందులో కొంచెం బతిమాలుకోవడం, ఒప్పించడం ఉంటుంది. "ఐ మేడ్ హిమ్ సైన్" అంటే మెడలు వంచి పెట్టించా, "ఐ హ్యాడ్ హిమ్ సైన్" అంటే అది ఆయన పనే కాబట్టి చెప్పా, పెట్టాడు. మేడ్, హ్యాడ్ పక్కన "టు" రాదు, గాట్ పక్కన వస్తుంది, ఈ ఒక్క టు దగ్గర తడబడని వాళ్లు నాకింతవరకు కనపడలేదు. మనిషే ఉండాలని కూడా లేదు, మొరాయించే మెషీన్లకీ ఇదే, "ఐ కాంట్ గెట్ ద ప్రింటర్ టు వర్క్", అది కూడా ఒకరకంగా బతిమాలుకోవడమే కదా.

మెలిక ఒకటుంది. "హీ గాట్ హిజ్ ఫోన్ స్టోలెన్" అంటే ఫోన్ దొంగతనం చేయించాడని కాదు, పోగొట్టుకున్నాడని. వరస అదే, అర్థం మాత్రం స్టెప్ 4లోది. ఎవడైనా కావాలని చేయించుకునే పనా కాదా అని ఒక్కసారి ఆలోచిస్తే తేలిపోతుంది. ఇంకా "గెట్ ఇట్ డన్" అంటే వేరేవాళ్లతో చేయించమనే కాదు, ఎలాగోలా పూర్తి చెయ్ అని కూడా, నువ్వే చేస్తావో ఇంకొకరితో చేయిస్తావో వాళ్లకనవసరం.

ఇప్పుడు ఒక మెసేజ్ విడదీద్దాం, దాదాపు ఇలాంటిదే నాకోసారి వచ్చింది: "గెట్ హర్ టు గెట్ ఇట్ సైన్డ్ బిఫోర్ షీ గెట్స్ హోమ్, అండ్ గెట్ బ్యాక్ టు మీ వన్స్ యూ గెట్ ఇట్." ఐదు గెట్లు. మొదటిదాని పక్కన మనిషి, టు, కాబట్టి ఆమెకి చెప్పి ఒప్పించు. రెండోదాని పక్కన వస్తువు, థర్డ్ ఫారం, కాబట్టి సంతకం పెట్టించమను. అంటే సంతకం పెట్టేది ఆమె కాదు, ఇంకెవరో, నేను తప్పు చేసింది ఇక్కడే, ఆమెతోనే సంతకం పెట్టించి పట్టుకెళ్లా. మూడోదాని పక్కన చోటు, ఇంటికి చేరేలోపు. నాలుగోది "గెట్ బ్యాక్ టు", మళ్లీ నాకు చెప్పు. ఐదోది ఉత్త వస్తువు, చేతికి రాగానే.

స్టెప్ 6. చోటు, "టు"

చోటు పక్కనుంటే చేరడం. "హౌ డు ఐ గెట్ టు ద స్టేషన్?" హోమ్, హియర్, దేర్ ముందు టు రాదు, "గాట్ టు హోమ్" అనకండి. ఇక్కడికి దీని కథ అయిపోయింది.

టు పక్కన వర్బ్ వస్తే మాత్రం కాస్త ఒళ్లు దగ్గర పెట్టుకోవాలి. "ఐ గెట్ టు గో" అంటే వెళ్లే ఛాన్స్ దొరికింది, సంతోషం. "ఐ హ్యావ్ గాట్ టు గో" అంటే వెళ్లక తప్పదు, ఏడుపు. మాటల్లో ఈ రెండోదాన్నే నలిపి "ఐ గాట్టా గో" చేస్తారు. రేపు సెలవైనా పనికి రమ్మన్నారని చెప్పడానికి "ఐ గెట్ టు వర్క్ టుమారో" అన్నారంటే ఎదుటివాళ్లు మీకు పనంటే ఎంత ప్రేమో అనుకుంటారు.

స్టెప్ 7. అప్, ఆఫ్, ఓవర్ లాంటి తోకలు

ఇవి లెక్కలేనన్ని ఉంటాయి, అన్నీ నేర్చుకుంటా అని కూర్చోకండి, ముందు బండ్ల సంగతి తేల్చుకోండి. లోపల లేచి నిలబడి నడవగలిగితే "ఆన్", అంటే బస్సు, ట్రైన్, విమానం, ఓడ. కూర్చోవడమే కుదిరితే "ఇన్", కారు లాంటివి. దిగేటప్పుడు వరసగా "గెట్ ఆఫ్", "గెట్ అవుట్ ఆఫ్". సైకిల్ ఎక్కినా ఆన్‌యే, దాని మీద నడవలేం గానీ మీద కూర్చుంటాం కదా. "గెట్ డౌన్ ఫ్రమ్ ద బస్" మన దగ్గర అందరికీ అర్థమవుతుంది, బయట మాత్రం గెట్ డౌన్ అని అరిస్తే కింద పడుకో, వంగు అని, ఏ సినిమాలో కాల్పులు మొదలైనా వినిపించే మాట అదే.

తర్వాత ఓ నాలుగు చాలు. "గెట్ ఓవర్" తేరుకోవడం, జ్వరం నుంచైనా బాధ నుంచైనా. "గెట్ బై" ఎలాగోలా నెట్టుకురావడం. "గెట్ అలాంగ్" ఇద్దరికీ పొసగడం. "గెట్ అవే విత్" అంటే తప్పు చేసి కూడా ఏం కానట్టు దర్జాగా తిరగడం, ఇదొక్కటి చాలా గొప్ప మాట, మన వాడుకలో ఒక్క ముక్కలో దీనికి సమానమైనది నాకింకా తట్టలేదు. మిగతావి వినపడినప్పుడు ఆ వాక్యంతో సహా ఫోన్‌లో రాసి పెట్టుకోండి, విడిగా తోకలు రాసుకుంటే మాత్రం వారం తిరిగేసరికి ఏది ఏంటో గుర్తుండదు.

స్టెప్ 8. గాటా, గాటెనా

బ్రిటిష్ వాళ్లకి థర్డ్ ఫారం కూడా గాట్, అమెరికన్లకి ఎక్కువగా గాటెన్. గాటెన్ అమెరికా వాళ్లు కనిపెట్టిన తప్పు అని కొందరు విసుక్కుంటారు గానీ కాదు, 1611 నాటి ఇంగ్లీష్ బైబిల్‌లోనే ఉంది, ఇంగ్లాండులో వదిలేశారు, సముద్రం దాటినవాళ్లు ఉంచుకున్నారు అంతే. అమెరికన్ నోట్లో దీంతో ఒక లాభం కూడా ఉంది, "ఐ హ్యావ్ గాట్ ఎ కార్" అంటే కారుంది, "ఐ హ్యావ్ గాటెన్ ఎ కార్" అంటే కారు సంపాదించా, కొత్తగా వచ్చింది అని. మీరు ఏదైనా వాడండి గానీ ఒకే పేజీలో రెండూ కలపకండి. "హ్యావ్ గాట్ టు"ని మాత్రం ఎక్కడా గాటెన్ చెయ్యకండి, "ఐ హ్యావ్ గాటెన్ టు గో" అంటే వెళ్లాలి అని కాదు, వెళ్లే అవకాశాలు దొరుకుతూ వచ్చాయి అని ఇంకేదో అయిపోతుంది.

స్టెప్ 9. రాసేటప్పుడు తీసెయ్యడం

ఇంతా చదివాక, అప్లికేషన్లు, పెద్ద ఆఫీసులకి పంపే మెయిళ్లు, పరీక్షలో వ్యాసాలు రాసేటప్పుడు గెట్ ఎంత తగ్గిస్తే అంత మంచిది. అది తప్పని కాదు, బయటికెళ్లేటప్పుడు ఇంట్లో వేసుకునే బట్టలు మార్చుకుంటాం చూడండి, అలా. రాసేదంతా ముందు గెట్లతోనే రాసేయండి, ఆగకండి. తర్వాత పైనుంచి ఒక్కో గెట్ దగ్గర ఆగి స్టెప్ 1 ప్రశ్నే వేయండి. పక్కన వస్తువుంటే "రిసీవ్" లేదా "అబ్టెయిన్", గుణముంటే "బికమ్", చోటుంటే "అరైవ్ ఎట్" లేదా "రీచ్", థర్డ్ ఫారం ఉంటే "వాజ్", వస్తువూ థర్డ్ ఫారమూ ఉంటే "హ్యావ్". "ఐ గాట్ యువర్ మెయిల్" అన్నది "ఐ రిసీవ్డ్ యువర్ మెయిల్" అయిపోతుంది. ఫ్రెండ్‌కి పంపే మెసేజ్‌లో మాత్రం ఈ పని చెయ్యకండి, "ఐ రిసీవ్డ్ యువర్ జోక్" అని పంపితే వాడు లాయర్ నోటీసేమో అనుకుని భయపడతాడు, అక్కడ "గాట్ ఇట్" చాలు.